ఒరుల కొఱకు పుట్టినవారు

మనుష్యుడనగా నెవడు అను ప్రశ్నను వేదాంతులకును న్యాయవాదులకును విడిచిపెట్టవచ్చునని మనము సాధారణముగా తలచుచుందుము. పొయ్యి వెలిగించు ఇల్లాలికి, బడిలో పాఠము చెప్పు పంతులుకు, దుక్కి దున్ను రైతుకు దానితో పనిలేదనుకొందుము. కాని యీ ప్రశ్న మన గడప దాటి యెప్పుడో లోపలికి వచ్చి కూర్చున్నది. మన యింట పనిచేయు పిల్ల యెక్కడ కూర్చుండి అన్నము తినవలెను, ఏ గ్లాసుతో నీళ్ళు త్రాగవలెను అని నిర్ణయించునప్పుడెల్ల మనము దానికొక ప్రత్యుత్తరము చెప్పుచునే యున్నాము. ఆ ప్రత్యుత్తరము న్యాయమైనదేనా యని పరీక్షించుకొనుటకు నేటి శాస్త్రము మనకొక క్రొత్త నిమిత్తమును కల్పించినది. అదియే ప్రతిరూపసృష్టి. లోకమంతట దీనిని క్లోనింగు అని పిలుచుచున్నారు.

1996వ సంవత్సరము జూలై 5వ తేదీన స్కాట్లండులోని రోస్లిన్ పరిశోధనాలయమున డాలీ యను గొఱ్ఱెపిల్ల పుట్టెను. ఆ వార్త 1997 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసెను. ఇయాన్ విల్మట్, కీత్ కాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును ఒక గొఱ్ఱె పొదుగునుండి కణమును గ్రహించి, మఱియొక గొఱ్ఱె అండములోని కేంద్రకమును తొలగించి, ఆ రెంటిని విద్యుత్తుచే నేకముచేసి, వేఱొక గొఱ్ఱె గర్భమున పెంచిరి. 277 పర్యాయములు కణములను కలుపగా 29 పిండములు మాత్రమే గర్భమున నుంచుటకు తగినవాయెను. వానిలో ప్రాణముతో భూమిమీద పడినది ఒక్కటి. డాలీకి తండ్రి లేడు. పొదుగుకణ మిచ్చిన గొఱ్ఱె దానికి తల్లియో, తోబుట్టువో చెప్పుటకు మన భాషలో వావి లేదు. అయినను డాలీ తక్కిన గొఱ్ఱెలవలెనే మేసినది, ఈనినది, జబ్బుపడినది, 2003 ఫిబ్రవరిలో గతించినది. మన దేశమున కర్నాలులోని జాతీయ పాడి పరిశోధన సంస్థవారు 2009లో గేదెదూడలను ఇటువంటి మార్గముననే పుట్టించిరి. చైనా శాస్త్రజ్ఞులు ఇట్లు రెండు కోతిపిల్లలను పుట్టించినట్లు 2018 జనవరిలో ప్రకటించిరి. మనుష్యుని మాత్రమీ విధముగా పుట్టించినట్లు నమ్మదగిన నిదర్శనము లేదు. యునెస్కో 1997లోను, ఐక్యరాజ్యసమితి సాధారణసభ 2005లోను అది కూడదని ప్రకటించినవి. మన దేశపు వైద్యపరిశోధన నియమములును దానిని నిషేధించుచున్నవి.

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అను సామెత చదువరులకు జ్ఞప్తికి రావచ్చును. పుట్టని మనుష్యుని గూర్చి వాదమేల? పుట్టినప్పుడు చూచుకొనరాదా? కాని కథకులు ఈ సోమలింగమునకు నూఱేండ్ల క్రిందటనే పేరు పెట్టియున్నారు, ఆ పేరులోనే మనకు కావలసిన విషయమంతయు దాగియున్నది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్. యు. ఆర్.’ అను నాటకము వ్రాసెను. 1921లో అది ప్రాగ్ నగరమున ప్రదర్శింపబడెను. అందొక కర్మాగారమువారు మనుష్యాకారము గల జీవులను రసాయనములతో తయారుచేసి పనివాండ్రనుగా లోకమంతట అమ్ముచుందురు. వారు ఇనుప బొమ్మలు కారు, మాంసమును నరములును గలవారు. వారికి పెట్టిన పేరు రోబోలు. ఆ మాటను సూచించినవాడు కారెల్ సోదరుడు జోసెఫ్. చెక్ భాషలో ‘రొబోత’ యనగా ప్రభువు భూమిలో పేదవాడు కూలిలేక చేయవలసిన నిర్బంధపు పని. మన మాటలో చెప్పవలెనన్న, వెట్టిచాకిరి. నేడు పసిపిల్లలు సైతము ముద్దుగా పలుకు రోబో యను మాటకు ‘వెట్టివాడు’ అనియే యర్థము.

ఇక రెండవ కథ. జపానులో పుట్టి ఇంగ్లండులో పెరిగిన కజువో ఇషిగురో 2005లో ‘నెవర్ లెట్ మి గో’ అను నవలను ప్రకటించెను. అందు ప్రతిరూపసృష్టిచే పుట్టిన బాలబాలికలు చక్కని వసతిబడిలో పెరుగుదురు. పాఠములు చదువుదురు, బొమ్మలు గీయుదురు, ఒకరినొకరు ప్రేమింతురు. యుక్తవయస్సు వచ్చినపిమ్మట తమ శరీరములోని అవయవములను రోగులకొఱ కొక్కొక్కటిగా నిచ్చివేసి చనిపోవలెను. వారి పుట్టుకకు ప్రయోజనమంతయు నంతియే. వారిని కట్టివేయు సంకెలలు కథలో నెక్కడను కానరావు. తాము దేనికొఱకు పుట్టితిమో చిన్ననాటనే నేర్పుటవలన సంకెలతో పని లేకపోయెను.

ఈ రెండు కథలును పరదేశములవి. కాని తెలంగాణమున పుట్టినవానికి వీనిని చదువునప్పుడు పరాయి సంగతి చదివినట్లుండదు. నిజాము రాజ్యమున గడీల కాలములో ఊరిలోని ప్రతి వృత్తివాడును దొరకును, పటేలు పట్వారీలకును, మకామునకు వచ్చిన అధికారికిని కూలిలేక పని చేయవలసియుండెను. కుమ్మరి కుండ లియ్యవలెను, చాకలి నీళ్ళు మోయవలెను, చెప్పులు కుట్టువాడు చెప్పు లియ్యవలెను, ఒకడు దొర యుత్తరమును పట్టుకొని యర్ధరాత్రియైనను పొరుగూరికి పరుగెత్తవలెను. ఇంతకంటె లోతైన చెఱ భగేలా యనునది. పెండ్లికో చావుకో తెచ్చిన కొద్దిపాటి యప్పు తీర్చుటకు తండ్రి ఆసామి యింట చేరును. అప్పు తీరదు. తండ్రి పోయినపిమ్మట కొడుకు దానికి వారసుడగును. ఆ యింట పుట్టిన బిడ్డకు పేరు పెట్టకమునుపే పని నిర్ణయమైపోవుచుండెను. ఇషిగురో కథలోని పిల్లలకును వీరికిని భేదమేమి? వారిని పరిశోధనాలయమున పుట్టించిరి, వీరిని తల్లులే కనిరి. పుట్టుక వేఱైనను ఇరువురి నొసటను మఱియొకని పేరే వ్రాయబడియుండెను.

హైదరాబాదున 1921లో నేర్పడిన ఆంధ్రజనసంఘము, 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి సమావేశము జరుపుకొన్న ఆంధ్రమహాసభ ఈ వెట్టికి ఎదురునిలిచినవి. 1937లో ఆ మహాసభ నిజామాబాదులోనే కూడినది. ఆ జిల్లా పల్లెబ్రదుకునే తీసికొని వట్టికోట ఆళ్వారుస్వామిగారు ‘ప్రజల మనిషి’ యను నవల వ్రాసిరి. ఆ పేరును గమనింపుడు. దొర మనిషి, పటేలు మనిషి యని చెప్పుకొను కాలములో ఒకనిని ప్రజల మనిషి యనుటయే యొక తిరుగుబాటు. అయినను ‘ఎవరి మనిషివి?’ అను ప్రశ్న నేటికిని మన నాలుకపై నున్నది.

మన పురాణములలో ప్రతిరూపసృష్టి గలదని చెప్పి పొంగిపోవువారున్నారు. గాంధారి కన్న మాంసపిండమును వ్యాసుడు నేతికుండలలో పెట్టి నూటొక్క బిడ్డలను చేసెనుగదా, ఇది క్లోనింగు కాదా యందురు. పూర్వులకు శాస్త్రము తెలియుననుటకు అది సాక్ష్యము కాదు. అయితే పురాణకథకు నీతివిచారమున విలువ గలదు. నాకు తోచినంతలో ఈ విషయమునకు మిక్కిలి దగ్గఱిది ఛాయాదేవి కథ. సూర్యుని వేడి నోర్వజాలక సంజ్ఞ తన నీడనుండి తనవంటి స్త్రీని చేసి, “నా చోట నీవుండుము, నా బిడ్డలను పెంచుము, ఈ రహస్యము చెప్పకుము” అని నియమించి వెడలిపోయెను. ఛాయ యట్లే చేసెను. రూపమొక్కటి, మాట యొక్కటి, సూర్యుడు గూడ భేద మెఱుగడు. కొంతకాలమునకు ఛాయకు సొంత బిడ్డలు పుట్టిరి. అంతట నామె సంజ్ఞ బిడ్డలకంటె తన బిడ్డలను ఎక్కువగా ప్రేమించెను. ఆ పక్షపాతమువలననే గుట్టు బయటపడెను.

మనము ఈ కథను ఛాయ చేసిన తప్పుగా చెప్పుకొందుము. సవతితల్లి బుద్ధి యందుము. నిదానించి చూడగా నామె మనుష్యత్వము బయటపడిన చోటు అదియే. ఒరుల బిడ్డలను పెంచుటకని చేయబడిన నీడ తన బిడ్డను తనదిగా ప్రేమించెను. నీడకు నీడ పుట్టదు, బిడ్డ పుట్టెను. సృష్టించినవారు నిర్ణయించిన పనికంటె వేఱైన కోరిక ఎక్కడ పుట్టినదో అక్కడ వస్తువు ముగిసి వ్యక్తి మొదలైనది. పక్షపాతము తప్పే కావచ్చును. కాని తప్పు చేయుటకు గూడ ముందు మనుష్యుడై యుండవలెను. కత్తిపీటకు తప్పులేదు.

గడీలలో ఇట్టి ఛాయలుండిరి. వారిని ఆడబాపలనిరి. దొరబిడ్డను అత్తవారింటికి పంపునప్పుడు చీరసారెలతోపాటు ఒక పేదయింటి ఆడపిల్లను గూడ పంపుట యాచారము. ఆమె దొరసానికి తల దువ్వవలెను, కాళ్ళొత్తవలెను, దొర పిలిచినప్పుడు కాదనరాదు. ఆమెకు పెండ్లి లేదు, ఇల్లు లేదు. ఆమె కడుపున కూతురు పుట్టినయెడల తఱచుగా దొరసాని కూతురికి సారెగా పోవలసినది ఆ పిల్లయే. సంజ్ఞకు ఛాయ, సంజ్ఞ కూతురికి ఛాయ కూతురు. దీనికి పరిశోధనాలయము కావలసివచ్చినదా? అండము, కేంద్రకము, విద్యుత్తు ఏమియు లేకయే మన పెద్దలు తరతరములుగా మనుష్యులను ఒకరి ప్రయోజనమునకు అచ్చుగ్రుద్దినట్లు తయారుచేసిరి.

కాబట్టి ప్రతిరూపముగా పుట్టినవాడు మనుష్యుడగునా కాదా యను ప్రశ్నకు సమాధానము కష్టమైనది కాదు. పుట్టిన విధమునుబట్టి మనుష్యత్వము నిర్ణయింపబడదు. ద్రోణుడు ద్రోణమునుండి పుట్టెను, సీత నాగటిచాలున దొరికెను, ద్రౌపది అగ్నిగుండమునుండి వెడలెను. వారు మనుష్యులా యని ఎవ్వరు నడుగలేదు. ఒకే రూపు గల ఏకపిండ కవలలు ప్రకృతి చేసిన ప్రతిరూపములే. వారిలో నొకడు అసలు, రెండవవాడు నకలు అని ఏ తల్లియు అనదు. భిక్నూరులో నేను పదవతరగతివారికి డాలీ వృత్తాంతము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, “సార్, అట్ల పుట్టిన మనిషికి బడిల పేరు రాసుకుంటరా?” అని యడిగినది. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. పెద్ద పెద్ద గ్రంథములలోని ప్రశ్నలకంటె నా పిల్ల ప్రశ్న సూటియైనది. వాడు మనుష్యుడా యని కాదు ఆమె యడిగినది. మనము వానికి చోటిత్తుమా యని యడిగినది. మొదటి ప్రశ్న వానిని గూర్చినది, రెండవది మనలను గూర్చినది.

ఇచ్చట నొక యాక్షేపము గలదు. ఒక ప్రయోజనము కొఱకు బిడ్డను కనుట తప్పైనయెడల లోకములో తప్పు చేయని తలిదండ్రులెవరు? వంశము నిలుచునని కొందఱు, ముసలితనమున కూడు పెట్టునని కొందఱు, పున్నామనరకము తప్పునని కొందఱు బిడ్డలను కోరుచున్నారు. ఇంతేకాదు. 2020లో అహమ్మదాబాదున తలసేమియా వ్యాధిగల యొక బాలునికి వాని చెల్లెలి యెముకలోని మజ్జనిచ్చి వైద్యులు స్వస్థత చేకూర్చిరి. ఆ చెల్లెలు అన్నకు సరిపడునట్లుగా పిండదశయందే పరీక్షించి యెన్నుకొనబడిన బిడ్డ. ఆమెయు ఒకరి కొఱకు పుట్టినదే గదా? అవును. కాని యామె పని మజ్జ ఇచ్చుటతో ముగిసినది, ఆమె బ్రదుకు ముగియలేదు. ఆమె తలిదండ్రుల యొడిలో కూతురుగా పెరుగుటకే వచ్చినది. ఎందుకు పుట్టెననునది ఒక్కటే తూనిక కాదు. పుట్టినపిమ్మట ఆ ప్రయోజనమును దాటిపోవుటకు, ‘నేను ఒల్లను’ అనుటకు దారి యున్నదా లేదా యనునది తూనిక. దారి యున్నచోట ప్రయోజనము కేవలము తలిదండ్రుల యాశ. దారి లేనిచోట అది చెఱ.

ఈ తూనికను మన యిండ్లలోనికి తెచ్చి చూడుడు. ‘ఆడపిల్ల’ యనగా ‘ఆడ’ పిల్ల, అక్కడి పిల్ల, మన పిల్ల కాదని వేడుకగా చెప్పుకొందుము. పసితనమునుండి ఆమెకు నేర్పు ప్రతి పనికిని “రేపు అత్తవారింట ఏమందురో” అని చేర్చుదుము. చదువు గూడ మంచి సంబంధము కొఱకే. ఇట్లు పెంచిన పిల్లకును వసతిబడిలో పెరిగిన ఇషిగురో పిల్లలకును భేదము చాల గలదు, నేను కాదనను. ప్రేమ గలదు, సారె గలదు, పుట్టింటి తలుపు గలదు. అయినను ‘నీవు ఒరుల కొఱకు పుట్టితివి’ అను పాఠము మాత్ర మొక్కటే. పాఠము ఒక్కటైనప్పుడు మనము ఆ కథలలోని క్రూరులను తిట్టుకొని పుస్తకము మూసివేయుట చాలదు.

ఇక విడుదల మాట. ఇషిగురో నవలలో ఆ పిల్లలు గీసిన బొమ్మలను బడివారు ఏఱి తీసికొనిపోవుచుందురు. ఎందుకో పిల్లలకు తెలియదు. ఆ బొమ్మలను లోకమునకు చూపి, చూడుడు, వీరికిని ఆత్మ గలదు అని నిరూపింపదలచిరని తుదకు తెలియును. ఇది చదివినప్పుడు ఆ బడివారి దయకు మన కన్నులు చెమర్చును. కాని దయ వెనుక నున్న యన్యాయమును చూడవలెను. బొమ్మ గీయలేని పిల్లకు ఆత్మ లేదా? పాట రానివానికి, చదువు రానివానికి, మందబుద్ధికి విడుదల లేదా? దొర కొడుకు తన ఆత్మను నిరూపించుటకు బొమ్మ గీయనక్కఱలేదు, వెట్టివాని కొడుకు మాత్రము గీయవలెనా? చెఱలో నున్నవానిని ‘నీ యోగ్యత చూపుము’ అని యడుగుట చెఱకు రెండవ తలుపు. సంస్కర్తలమైన మనము గూడ ఈ తలుపునొద్ద నిలుచున్నాము. వెట్టినుండి బయటపడిన యింటి పిల్లవాడు కలెక్టరైననే పత్రికలలో వ్రాసి సంతోషింతుము. వాడు సామాన్యుడై, సామాన్యమైన కూలి తీసికొని, సాయంకాలము అరుగుమీద కూర్చుండి యూరకనే ఆకాశము చూచుటకు గూడ హక్కుగలవాడని తలపము.

మహాభారతమున సభాపర్వమందు విడుదలను గూర్చిన యొక గొప్ప పాఠము గలదు. జూదమున నోడిపోయి దాసిగా పిలువబడిన ద్రౌపది మొదట ప్రశ్న వేసినది. తన్ను తాను ఓడినవాడు నన్ను పణముగా పెట్టుటకు అధికారి యగునా యని. సభ యుత్తరము చెప్పలేకపోయెను. పిమ్మట ధృతరాష్ట్రుడు వరములు కోరుకొమ్మనెను. మొదటి వరమున నామె ధర్మరాజు దాస్యవిముక్తిని కోరెను. కారణము చెప్పెను, తన కుమారుడు ప్రతివింధ్యుని లోకము దాసపుత్రుడని పిలువరాదని. రెండవ వరమున తక్కిన భర్తల విడుదలను, వారి రథములతోను ధనుస్సులతోను గూడ కోరెను. మూడవ వరము కోరుమనగా నొల్లననెను. విడుదల పొందినవారు తమ శ్రమచేతనే తమ మేలు సంపాదించుకొందురనెను. చెఱవిడిచినవానికి కావలసినది యంతయు నీ మూటిలో నున్నది. తన బిడ్డపై బానిసపేరు ఉండరాదు. చేతిలో తన పనిముట్టు ఉండవలెను. ఆపైన ఒకరి దయపై బ్రదుకవలసిన యక్కఱ ఉండరాదు.

మన దేశమున వెట్టిని, నిర్బంధశ్రమను రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించినది. 1975 అక్టోబరు 25న అత్యవసరశాసనముగా వచ్చి 1976లో చట్టమైన నిర్బంధశ్రామిక నిర్మూలనశాసనము ఆ నిషేధమునకు చేతులు కాళ్ళు ఇచ్చినది. దేశమందలి అనేక రూపముల దాస్యములను ఆ చట్టము పేరుపేరున చెప్పినది. ఆ పట్టికలో మన భగేలా, జీతము, పాలేరు, వెట్టి అను మాటలు నాలుగును గలవు. మన భాషకు దేశపు చట్టములో దక్కిన గౌరవమిట్టిది! చట్టము అప్పును రద్దుచేసినది. తాకట్టుబడిన ఆస్తిని విడిపించినది. అంతకంటె ముఖ్యముగా, విడుదలైనవానిని వాడు కాపురమున్న యింటినుండి వెళ్ళగొట్టరాదని చెప్పినది. ఈ యొక్క నిబంధన వ్రాసినవారికి పల్లె తెలియును. ఆసామి యిచ్చిన గుడిసెలో నున్నవానికి ‘నీవు స్వతంత్రుడవు’ అని కాగితమిచ్చిననేమి, ఆ రాత్రి వాన పడిన తలదాచుకొను చోటేది? ఈ చట్టమును కచేరీనుండి పల్లెకు దించుటకు పాటుపడిన అధికారులలో ఎస్. ఆర్. శంకరన్ గారి పేరు తెలుగునాట మఱువరానిది. 1984లో సర్వోన్నతన్యాయస్థానము నీరజా చౌదరి వ్యాజ్యమున, విడిపించినవారికి బ్రదుకుతెరువు చూపనియెడల ఆకలి వారిని మరల నా చెఱలోనికే త్రోయునని హెచ్చరించెను.

“విడిపించినను మరల నక్కడికే పోవుదురు, వారి బుద్ధియే యంత” అని మనలో కొందఱు చెప్పుచుందురు. పంజరము తలుపు తీసినను చిలుక యెగురదని దృష్టాంతము గూడ చెప్పుదురు. చిలుక రెక్కలు కత్తిరించినవాడే యీ దృష్టాంతము చెప్పుట వింత. భూమి లేదు, పనిముట్టు లేదు, ఎదురుమాట నేర్చుకొన లేదు, ఊరిలో నున్న బావియు గుడియు తనవి కావు. ఇట్టివాడు మరల ఆసామి వాకిటికి పోయినచో అది వాని బుద్ధి కాదు, మన లెక్కలోని పొరపాటు. మొదటి వరమిచ్చి రెండవ వరమును మఱచిన ఫలము.

ఈ విషయము నిజామాబాదు జిల్లావారికి మఱియొక రూపమున తెలియును. మా కామారెడ్డి 2016 అక్టోబరు వఱకు ఆ జిల్లాలోనిదే. ఈ పల్లెలలో దళితకుటుంబముల ఆడపిల్లలను పసితనముననే దేవత పేర జోగినులుగా విడుచు నాచారముండెను. దేవతకని చెప్పినను ఆ పిల్ల తుదకు ఊరి పెద్దల సొత్తగుచుండెను. ఆమెకు భర్త లేడు, ఆమె బిడ్డకు తండ్రి పేరు లేదు. కవి జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు భర్త లవణంగారితో గూడి ఈ జిల్లాలో పనిచేసి, జోగినులకొఱకు ‘చెల్లి నిలయము’ నేర్పఱచిరి. 1988లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దేవదాసీ సమర్పణ నిషేధచట్టమును తెచ్చినది. జోగిని, బసివి, మాతమ్మ మొదలైన పేర్లన్నియు దానిలో చేరినవి. చెల్లి యను మాటను ఆలోచింపుడు. అనాథ యనలేదు, పతిత యనలేదు, ఉద్ధరింపబడినది యనలేదు. పెండ్లి చేసిన చాలును, ఉద్ధరణ పూర్తియైనదని తలచు సంస్కర్తలుండగా, ఆ పేరు భర్త యున్నను లేకున్నను ఆమెకు ఒక వావిని, ఒక చోటును ఇచ్చినది.

చట్టము వచ్చినను ఆ తల్లి బిడ్డను బడికి తీసికొనివచ్చినప్పుడు ప్రవేశపుస్తకములో తండ్రి పేరు వ్రాయు గడి యొకటి యెదురగును. తెలంగాణమున గడి యను మాటకు రెండర్థములు. దొర యిల్లును గడియే, కాగితముపై గీసిన చతురపు చోటును గడియే. మొదటి గడీ కూలిపోయినను రెండవ గడి చాలకాలము నిలిచియుండెను. ఖాళీగా విడిచిన ఆ చిన్న చోటు తరగతిలో పిల్లవాని నెంతగా బాధించునో ఉపాధ్యాయులకు తెలియును. ప్రతివింధ్యుని దాసపుత్రుడనరాదని ద్రౌపది కోరినది ఇందులకే. 2015లో సర్వోన్నతన్యాయస్థానము, అవివాహితయైన తల్లి బిడ్డకు తండ్రి యెవరో చెప్పకయే సంరక్షకురాలు కావచ్చునని తీర్పు చెప్పినది. తల్లి పేరు చాలుననుట న్యాయస్థానమునకు చిన్నమాట, ఆ పిల్లవానికి గొప్పమాట. రేపు ప్రతిరూపముగా పుట్టిన మనుష్యుడే వచ్చినను, వానికి తండ్రియు నుండడు, చెప్పదగిన తల్లియు నుండదు. ఆ బాలిక నన్నడిగిన ప్రశ్నకు నా ప్రత్యుత్తరమిది: బడిలో పేరు వ్రాసికొనవలెను. గడి ఖాళీగానుండిన నుండనిమ్ము, బల్లమీద వానికి చోటుండవలెను.

తుదకు మూడవ వరము. విడిపించినవాడు విడిపింపబడినవానినుండి ఏమి కోరవచ్చును? కృతజ్ఞతను కోరుట సహజమని మనమందుము. మనము చదివించిన పనిపిల్ల మన మాట వినక తనకు నచ్చినవానిని పెండ్లాడినచో “ఇంత చేసితిమి, విశ్వాసము లేదు” అని నొచ్చుకొందుము. విశ్వాసమను మాటను మనము కుక్కకును వాడుదుము. ఆ నొప్పిలో మన దయ యొక్క ధర బయటపడును. మనము విడిపించినది పని కొఱకు కాదు, పొగడ్త కొఱకు. దొరకు చాకిరి, సంస్కర్తకు కృతజ్ఞత, రెండును వసూలు చేయదగిన బాకీలుగా నుండినచో అప్పుపత్రముపై పేరు మారినదే కాని అప్పు తీరలేదు. కాజేసిన వస్తువును సొంతదారునకు తిరిగి ఇచ్చినవాడు బహుమతి యడుగునా? ఒకని స్వాతంత్ర్యము మనము వానికిచ్చిన దానము కాదు. అది వానిదే, మనమో మన పెద్దలో పట్టుకొనియున్నది విడిచితిమి.

శాస్త్రజ్ఞులు ప్రతిరూపమనుష్యుని పుట్టింతురో లేదో నేను చెప్పలేను. పుట్టింపకుండుటయే మేలని లోకమంతయు తీర్మానించినది, అది మంచి తీర్మానము. డాలీ కొఱకు వ్యర్థమైన పిండములను లెక్కించినవాడెవడును మనుష్యశిశువుతో నా ప్రయోగమునకు పూనడు. కాని యెట్లో యొకనాడు అట్టి బిడ్డ పుట్టినచో, వాడు చేసిన నేరమేమియు లేదు. వానిని చూచుటకు మనకు క్రొత్త ధర్మశాస్త్రము కావలసినపని లేదు. ఛాయను, ఆడబాపను, భగేలావాని కొడుకును, జోగిని బిడ్డను మనుష్యులుగా చూచుట నేర్చినవాడు వానిని గూడ చూడగలడు. వీరిని చూడలేనివాడు ఎన్ని శాస్త్రములు చదివినను వానినొక వస్తువుగానే చూచును.

కాబట్టి చదువరులారా, పుట్టబోవువాని సంగతి యటుంచి, పుట్టియున్నవారి సంగతి విచారింపుడు. మీ యింటనున్న పనిపిల్ల బడికి పోవుచున్నదా? ఆమె జీతము ఆమె చేతికి వచ్చుచున్నదా, తండ్రి యప్పునకు జమయగుచున్నదా? ఆమె ‘రేపు రాను’ అనుటకు జంకుచున్నదా? మీ కూతురు ఒక పనిని తనకిష్టమని చెప్పినప్పుడు, అది యెవరికి ఉపయోగమని యడుగక వినుచున్నారా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరములు పరిశోధనాలయమున దొరకవు. రేపు ఉదయము పనిపిల్ల వాకిట నిలిచినప్పుడు ఆమెను పేరుపెట్టి పిలిచి, లోపల కూర్చుండుమనుటతో మొదలుపెట్టవచ్చును.